దానంతట అదే అలాట్ అవదు

మాస్టారమ్మ పోయిందని మా అన్న రాయగడ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఒక ఇంగ్లీషు ఉత్తరం టైపు చేస్తున్నాను.

"అమ్మీ, మాస్టారమ్మ పోనాదే. పొద్దున్న టీ పెట్టుకుందామని లేసి, మళ్లీ కుర్చీలో కూకున్నాదట. అంతే" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. తెర మీద సగంలో ఆగిన వాక్యాన్ని చూశాను. ఇది ఇప్పుడు ఎవరికి పంపాలి? తప్పుంటే ఎవరు పట్టుకుంటారు? ముప్పై రెండేళ్ల మనిషిని, పెళ్లయి ఒక పిల్ల ఉన్నదాన్ని, తొమ్మిదో తరగతి పిల్లలాగ కూర్చుండిపోయాను.

ఆవిడ పేరు రాయను. అసలు ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్లని నేను చూడలేదు. బజారంతా మాస్టారమ్మే. రాయగడలో మా ఉల్లిపాయల కొట్టు వెనక సందులో, ఒక మేడ మీద రెండు గదుల్లో ఒంటరిగా ఉండేది. వాళ్ల తాతగారు కోస్తా నుంచి జయపురం సంస్థానం కచేరీకి రాతపని మీద వచ్చారట. ఈవిడ కొరాపుట్ కొండల్లో స్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి, రిటైరయ్యాక మా ఊళ్లో దిగింది. అంతకుమించి ఆవిడ సంగతులు ఎవరికీ తెలియవు.

సాయంత్రం ట్యూషనుకి ఆ మెట్లు ఒక్కోటీ ఆగి ఆగి ఎక్కేదాన్ని. ఆవిడ కొట్టదు, తిట్టదు, గొంతు కూడా పెంచదు. మనం వాక్యం చెప్తే కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చూపుడువేలు గోటితో పక్కనున్న రేకుపెట్టె మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టి, "మిగతాది?" అని ఊరుకునేది. మిగతాది ఏమిటో మనకి తెలియదు. ఆవిడ చెప్పదు. ఎంతసేపైనా అలా చూస్తూ కూర్చుంటుంది. కింద వీధిలో ఆటోలు పోతూనే ఉంటాయి, ఎవరింట్లోనో కుక్కరు కూస్తుంది.

ఒకరోజు నేను హుషారుగా వెళ్లి, "టీచర్, నాకు పరీక్ష సెంటరు అలాట్ అయింది" అన్నాను.

టక్ టక్.

"అయిందా? దానంతట అదే అయిందేటమ్మి? వానా, కురవడానికి?"

మన ఇళ్లల్లో అందరం అనే మాటే కదా. క్వార్టరు అలాట్ అయింది, సీటు అలాట్ అయింది, బెర్తు అలాట్ అయింది. ఆవిడకి ఆ 'అయింది' అంటే పడదు.

"ఎవరు చేసేరు? ఏటి చేసేరు? ఎవరికి చేసేరు? ఈ మూడూ లేకుండా ఆ మాట నా గదిలో అనకు."

ఆ వారమంతా మా ఆరుగురి చేతా అదొక్క క్రియతోనే వాక్యాలు రాయించింది. నేను మొదటిరోజు 'ది టీచర్ అలాటెడ్' అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టాను. ఆవిడ ఆ చుక్క కింద వేలు పెట్టి, నా కళ్లలో నీళ్లు తిరిగేదాకా తియ్యలేదు. స్పెల్లింగులో ఒక 'టీ' ఎగరగొడితే, "రెండు టీలు. ఒకటి ఇచ్చేవాళ్లది, ఒకటి పుచ్చుకునేవాళ్లది. ఎవరి వాటా మింగేవో సూసుకో" అనేది. 'టు' రాయాల్సినచోట 'ఫర్' రాస్తే మాత్రం నవ్వులాట ఉండేది కాదు. "ఫర్ అంటే ఎందుకోసమో చెప్పడం. టు అంటే అవతల పుచ్చుకోడానికి ఒక చెయ్యి ఉండాలి. నీ వాక్యంలో ఆ చెయ్యేదీ?"

ఒకసారి జామకాయ తెచ్చి మా ముందు ఆరు ముక్కలు కోసింది. "కోస్తే డివైడ్. ఈ ముక్క నీది, ఆ ముక్క దానిది అని సెప్తే అలాట్" అంటూ ఒక్కో ముక్క మీద వేలు పెట్టి పేరుపేరునా చెప్పింది. తినమనలేదు. వాక్యాలు రాయమంది. మేం రాస్తుంటే కిటికీలోంచి కాకి వచ్చి ఒక ముక్క ఎత్తుకుపోయింది. అందరం గొల్లున నవ్వాం.

"ఆ ముక్క ఎవరిది?" అంది ఆవిడ.

"నాది టీచర్" అన్నాను.

"నీకు అలాట్ చేసేను కదా. నువ్వు తిన్నావా?"

"లేదు టీచర్."

"మరి నేను అబద్ధం ఆడేనా?"

"లేదు టీచర్."

"అదీ. అలాట్ చేసేరంటే నీ నోట్లోకి వచ్చినట్టు కాదు. ఆ మాటకి అంతవరకే బలం. అంతకన్నా బరువు దాని మీద పెట్టకు."

మిగతావాళ్లు ముక్కలు తిన్నారు. తన చేతిలో మిగిలిన జామకాయ తొడిమ వైపు నాకు ఇచ్చింది. అది చప్పగా ఉంది.

ఇంత కఠినమైన మనిషికి ఒక పిరికితనం ఉండేది. ట్యూషను నుంచి ఇంటికి చేరగానే మేమందరం ఆవిడ ఫోన్‌కి మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఆరు కాల్స్ వచ్చేదాకా ఆవిడ స్టవ్ వెలిగించదు. మా ఇల్లు సందు చివరే, మెట్లు దిగి నలభై అడుగులు వేస్తే వచ్చేస్తుంది. అయినా ఇవ్వాలి. ఒక వర్షం రోజున నేను మర్చిపోయాను. కొట్లో అమ్మ పక్కన కూర్చుని వేయించిన శనగలు తింటున్నాను. ఇంతలో మాస్టారమ్మ వచ్చింది. గొడుగు లేదు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఎవరిదో. తడిసిన వెంట్రుకలు చెంపలకి అంటుకున్నాయి. నన్ను చూసి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"చేరేవా?" అంది.

మా అమ్మ కంగారుగా లేచింది. "అదేటి మాస్టారమ్మా, వెనక సందే కదా! ఎక్కడికెల్తాదండి ఇది? రండి, కూకోండి."

"చేరింది. చూసేను. చాలు" అంది. కూర్చోలేదు. వెళ్లిపోతుంటే ఆవిడ చేతులు వణకడం చూశాను. ఆ వేళ్లు రేకుపెట్టె మీద టక్ టక్‌మంటేనే నాకు భయం. అవి అలా వణుకుతుంటే ఇంకా ఎక్కువ భయం వేసింది. ఇంత మనిషి దేనికి భయపడుతోంది?

అది తెలియడానికి పదేళ్లు పట్టింది.

పద్మపూర్ వైపు ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా కాంట్రాక్టు ఉద్యోగం వచ్చినప్పుడు చెప్పడానికి వెళ్లాను. స్వీటు ముట్టుకోలేదు. "అక్కడ ఏటి పని?" అని అడిగింది.

"సార్లు చెప్పినవి ఇంగ్లీషులో టైపు చెయ్యాలి టీచర్. ఆర్డర్లు, మెసేజీలు."

స్వీటు డబ్బాకి మూత పెట్టి పక్కకి జరిపింది. తర్వాత చెప్పింది. నావైపు చూడకుండా, కిటికీవైపు చూస్తూ చెప్పింది.

ఆవిడ కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. కొరాపుట్ కొండల్లో ఆడపిల్లల హాస్టలు. అందులో గురుబారి అని పదేళ్ల పిల్లకి జ్వరం వచ్చింది. మలేరియా తలకెక్కింది. ఆసుపత్రి కొండ కింద, చాలా దూరం. హాస్టల్లో పెద్దవాళ్లలో ఈవిడొక్కతే ఉంది. పోస్టాఫీసు నుంచి పై ఆఫీసుకి ఫోన్ చేయించి బండి కావాలని అడిగింది. కాసేపటికి పోస్టుమాస్టరు కాగితం మీద జవాబు రాసి పంపాడు. ఇంగ్లీషులో ఒకటే వాక్యం. 'ఎ వెహికిల్ హాజ్ బీన్ అలాటెడ్.'

"ఆ పిల్ల తండ్రి, మేనమామ అప్పటికే వచ్చీసేరు. మంచం తిరగేసి, దానికి గుడ్డ కట్టి, డోలీలాగ మోసుకుపోతామన్నారు. తండ్రి నన్ను అడిగేడు, ఆ కాగితంలో ఏటుందని. నేను వాళ్ల దేశియా భాషలో సెప్పేను." ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుంది. "బండి వస్తోంది, ఆగండి అని సెప్పేను."

నేను స్టూలు దగ్గరికి జరుపుకున్నాను.

"వస్తోందని అందులో లేదమ్మి. అలాటెడ్ అని ఉంది. నేను ఇంగ్లీషు టీచర్ని. వాళ్లు నా మాట నమ్మి మంచం దింపీసేరు. ఆ రోజంతా వరండాలో కూర్చున్నాం. పిల్ల తల నా ఒళ్లో ఉంది. రోడ్డు మీద ఏ చప్పుడైనా లేచి చూసేవాడు తండ్రి. మర్నాడు మధ్యాహ్నానికి పిల్ల పోయింది."

"బండి రాలేదా టీచర్?"

"వచ్చింది. మూడో రోజు. డ్రైవరు దిగి, ఎవరికోసమమ్మా బండి అని నన్నే అడిగేడు."

కింద వీధిలో ఏదో జీపు హారన్ కొట్టింది. ఆవిడ ఉలిక్కిపడింది. ఇన్నేళ్లూ ఆవిడ అలా ఉలిక్కిపడడం ఎన్నిసార్లు చూశానో అప్పుడు గుర్తుకొచ్చింది. మేం దానికి చాటుగా నవ్వుకునేవాళ్లం.

"ఆ తండ్రి నన్ను ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుణ్ను" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. మొదటిసారి. "నువ్వు రాసింది ఎవరో నమ్ముతారు. అది గుర్తెట్టుకో."

అప్పటినుంచి నేను రాసే ప్రతి ఇంగ్లీషు ముక్కనీ పంపేముందు ఆవిడ ఫోన్‌కి పంపేదాన్ని. ఆవిడకి డెబ్బై దాటాయి. భూతద్దం పెట్టుకుని చదివి తప్పులు చెప్పేది. నేను ఆవిడని మోసుకుపోయి ఆఫీసులో నా పక్కన కూర్చోబెట్టుకున్నట్టే ఉండేది.

రెండేళ్ల క్రితం ఆ వాన వచ్చింది. నాలుగు రోజులు తెరిపివ్వలేదు. మా ఆఫీసు వెనక కాలువ రోడ్డెక్కింది. కొండవాగు అవతల ఒక చిన్న పల్లె, పదీ పదకొండు ఇళ్లు. అక్కడి స్కూలు కుర్ర మాస్టారు ఉదయం నుంచి మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మెసేజీలు పెడుతున్నాడు. నీళ్లు పొలాల్లోకి వచ్చాయి. నీళ్లు వీధిలోకి వచ్చాయి. ఏం చెయ్యమంటారు? జనాన్ని కొండెక్కించమంటారా, ఇక్కడే ఉంచమంటారా?

మా సారు రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని ఉన్నారు. నావైపు తిరిగి ఒడియాలో, "ఆ పల్లెకి రెండు బోట్లు అలాట్ అయ్యాయని పెట్టు, తొందరగా" అన్నారు. నేను పెట్టాను. 'టూ బోట్స్ హావ్ బీన్ అలాటెడ్ ఫర్ ది విలేజ్.' అందరూ అరుస్తున్నారు, కరెంటు పోయి వస్తోంది, నా వేళ్లు పరిగెడుతున్నాయి. ముందు మాస్టారమ్మకి పంపి జవాబు కోసం ఆగే తీరిక లేదు. గ్రూపులో పెట్టేసి, అలవాటుకొద్దీ తర్వాత ఆవిడకి పంపాను.

నిమిషంలో ఆ పల్లె మాస్టారు జవాబు ఇచ్చాడు. 'థాంక్యూ మేడమ్. అందరం స్కూలు వరండాలో బోటు కోసం ఎదురు చూస్తున్నాం.'

అది చదివి నేను హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పీడిస్తుంది.

ఫోన్ మోగింది. మాస్టారమ్మ. ఆవిడ పగలు ఆఫీసు వేళలో ఎప్పుడూ ఫోన్ చెయ్యదు.

"ఎవరు అలాట్ చేసేరు?" పలకరింపు లేదు.

"పై ఆఫీసు, టీచర్."

"ఏటి?"

"రెండు బోట్లు."

"ఫర్ అని రాసేవు. ఎవరికి?"

"ఊరికి... టీచర్, ఇక్కడ చాలా..."

"ఆ బోట్లు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

ట్యూషన్లో ఎప్పుడూ అడగని ప్రశ్న. నాకు తెలియదు. తెలియదని నోటితో అనేలోపే వరండాలో మంచం తిరగేసి కట్టిన గుడ్డ కళ్ల ముందు కదిలింది.

"కనుక్కో. పరిగెట్టు" అని ఆవిడ అరిచింది. జన్మలో మొదటిసారి ఆవిడ అరుపు విన్నాను.

సారు గదిలోకి పరిగెత్తాను. "సార్, బోట్లు ఎక్కడున్నాయి?"

"అలాట్ అయ్యాయి కదా" అన్నారు.

"ఎక్కడున్నాయి సార్? బయల్దేరాయా?"

నా మొహంలో ఏం కనిపించిందో, ఒక ఫోన్ పెట్టేసి రెండో ఫోన్లో అడిగారు. విన్నారు. వింటుంటే ఆయన మొహం మారిపోయింది. బోట్లు ఇంకా గుణుపురం దగ్గరే లారీ మీద ఉన్నాయి. దారిలో చెట్టు పడింది. పైగా ఆ రెండే బోట్లు ఇంకో రెండు ఊళ్లకి కూడా రాసి ఉన్నాయి. చీకటి పడేలోపు అవి ఎక్కడికీ రావు.

పల్లె మాస్టారికి ఫోన్ చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను. కలవలేదు. మెసేజీ పెట్టాను, ఒక్క గీత పడింది, రెండోది పడలేదు. ఎన్నిసార్లు నొక్కానో లెక్కపెట్టలేదు. వాళ్లు రోడ్డు వైపు చూస్తూ ఉంటారు. ఏ చప్పుడైనా బోటే అనుకుంటారు. వాళ్లని అక్కడ కూర్చోబెట్టింది నేను.

పావుగంటకి కలిసింది. గాలి హోరులో అతని గొంతు దూరంగా వినిపించింది.

"బోటు రాదు. అందరినీ తీసుకుని కొండెక్కండి. ఇప్పుడే" అన్నాను, ఒడియాలో.

"మేడమ్, అలాటెడ్ అని మీరే కదా పెట్టారు? ఇక్కడ ముసలివాళ్లున్నారు, బురద జారుతోంది. కదలమంటే కదలరు. బోటు వస్తుందని నేనే చెప్పాను వాళ్లకి."

"నేను తప్పు రాశాను" అన్నాను. "నా తప్పు. బోటు లేదు. రావడం లేదు. మోసుకెళ్లండి."

అతను ఏదో అన్నాడు. లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

అతను విన్నాడా? నమ్మాడా? ఆ సాయంత్రం నుంచి తెల్లారేదాకా నేను పడ్డదాన్ని రాయలేను. మాస్టారమ్మకి మటుకు ఒక్క మెసేజీ పెట్టాను, 'చెప్పాను. విన్నారో లేదో తెలీదు' అని. ఆవిడ జవాబివ్వలేదు.

పొద్దున్న ఏడింటికి గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, పెన్నుతో రాసిన పేర్లు, ముప్పై ఏడు. కింద, 'అందరం పైన ఉన్నాం. స్కూలు కిటికీల దాకా నీళ్లు' అని రాసి ఉంది. ముసలివాళ్లని వీపు మీద మోశారట. ఒకామె మేకలని వదిలి రానంటే మేకలని కూడా ఎక్కించారట. ఆ స్కూలు వరండా తెల్లారేసరికి కొట్టుకుపోయింది.

మా సారు ఆ ఫోటో చూసి కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నారు. నేను బయటికి వచ్చి మాస్టారమ్మకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఎక్కేరు టీచర్. అందరూ ఎక్కేరు."

నా నోట్లోంచి ఎంతో కాలానికి మా ఇంటి మాట వచ్చింది. మెచ్చుకుంటుందేమో, తిడుతుందేమో అని నిలబడ్డాను.

"అందరూ అంటే?" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. రాత్రంతా కుర్చీలోనే కూర్చుందట, తర్వాత మా అమ్మ చెప్పింది. "పేర్లున్నాయా?"

"ఉన్నాయి టీచర్. ఫోటోలో ఉన్నాయి."

"చదువు."

వాన చినుకులుగా పడుతోంది. చూరు కింద గోడకి ఆనుకుని, ఫోటో పెద్దది చేసుకుని చదివాను. బుధ. సుకురి. సోమ. మొంగళి. ఒక్కో పేరుకీ ఆవిడ "ఊ" అంది. తొందరపడితే "మెల్లిగా" అంది. ముప్పై ఏడూ అయ్యాయి.

"ఇంకోసారి చదువమ్మి."

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. పదో పేరు దాకా "ఊ" వినిపించింది. పన్నెండో పేరుకి ఆలస్యంగా వచ్చింది. తర్వాత రాలేదు. "టీచర్?" అన్నాను. జవాబు లేదు. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని విన్నాను.

ఊపిరి వినిపించింది. నెమ్మదిగా, చిన్న గురకతో. ఫోన్ పట్టుకునే నిద్రపోయింది.

పెట్టేస్తే ఆ చప్పుడుకి లేస్తుందేమోనని పెట్టలేదు. గొంతు బాగా తగ్గించి, మిగిలిన ఇరవై ఐదు పేర్లూ చివరిదాకా చదివాను.